పొద్దుగూకితే గుక్కపట్టి ఏడ్చే బిడ్డకు పాలు చాలట్లేదని అనుకోకు

చెల్లె, నెలా పదిరోజుల బాబు సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి పది దాకా గుక్కపట్టి ఏడుస్తున్నాడని, "నీ పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టు" అని మీ అత్తమ్మ అంటున్నారని, గ్రైప్ వాటర్ వేయాలా అని అడిగావు. ముందు పాల సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది తల్లులు ఈ ఏడుపుకు భయపడే తమ పాలు మాన్పిస్తున్నారు.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి చెప్పలేం. తూకం, మూత్రం చూడాలి. ఈ వయసులో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతూ, 24 గంటల్లో ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. నేను మిర్యాలగూడలో పుట్టింట్లో ఉన్నప్పుడు మా పాప కూడా ఇట్లాగే ఏడ్చేది, చూడటానికొచ్చిన ప్రతి చుట్టమూ నా పాల మీదే పడేవాళ్లు. ఆశా అక్క వచ్చి తూకం వేసి, పాప బాగా పెరుగుతోందని అందరి ముందు చెప్పాక మా అమ్మ నా వైపు నిలబడింది, నా టెన్షన్ సగం అక్కడే పోయింది. పుట్టిన 42 రోజుల దాకా ఆశా వర్కర్లు ఇంటికొచ్చి తూకం వేయాలి, అడుగు. ఆ తర్వాత అంగన్‌వాడీలో వేయించుకోవచ్చు.

ఇట్లా సాయంత్రాలు గుక్కపట్టి ఏడవడాన్ని డాక్టర్లు కోలిక్ అంటారు. ఏ జబ్బూ లేకుండా, పాలు బాగా తాగే పిల్లలకే వస్తుంది. రెండు మూడు వారాలకు మొదలై, ఆరో వారం దగ్గర బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుంది, అంటే మీ బాబు ఇప్పుడు సరిగ్గా ఎక్కువ ఏడ్చే రోజుల్లో ఉన్నాడు. కాళ్లు కడుపులోకి ముడుచుకుని గ్యాస్ వదులుతుంటే కడుపు నొప్పే అనుకుంటాం గానీ, ఏడ్చేటప్పుడు గాలి మింగడం వల్ల కూడా గ్యాస్ చేరుతుంది. బాలింత పప్పు తిన్నందుకే బిడ్డకు ఉబ్బరం వచ్చిందని నీకు తిండి తగ్గిస్తే మాత్రం ఒప్పుకోకు, కడుపునిండా తిను. కొద్దిమంది పిల్లలకు తల్లి తాగే ఆవు, గేదె పాలలోని ప్రొటీన్ పడదు, అది డాక్టర్ చూసి చెప్పాలి.

మా పాపకు ఎక్కువగా పనిచేసింది ఇల్లు నెమ్మదిగా ఉంచడం. సాయంత్రం ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చడం ఆపేసి, టీవీ కట్టేసి, లైట్ తగ్గించి, ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని వీపు నిమురుతూ తిరిగేవాళ్లం. ఒక్కోరోజు తొట్టెల, ఒక్కోరోజు గోరువెచ్చని స్నానం. పాలిచ్చాక భుజం మీద వేసుకుని తేన్పు వచ్చేదాకా తట్టు. బోర్లా పట్టుకోవడం మనం మెలకువగా ఎత్తుకున్నప్పుడే, నిద్రపుచ్చేది వెల్లకిలానే.

గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండ్‌లో పుట్టింది, అప్పట్లో అందులో ఆల్కహాల్ ఉండేది. ఇప్పటి సీసాల్లో అది లేకున్నా, కోలిక్ తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. తేనె ఏడాది లోపు అసలే వద్దు, బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వస నాకించకండి, వాంతులవుతాయి. డైసైక్లోమిన్ ఉన్న కడుపునొప్పి చుక్కలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి, ఆరు నెలల లోపు పిల్లలకు ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. కడుపు మీద వాతలు పెట్టిస్తామని ఎవరన్నా అంటే బిడ్డను వాళ్ల చేతికి ఇవ్వకు.

ఒక్కదానివే మోయకు. మీ ఆయనకు అప్పగించి కాసేపు బయట గాలికి నిలబడు. ఎవరూ లేక, కోపం తన్నుకొస్తే, బిడ్డను మంచం మీద కాకుండా నేల మీద పరిచిన చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు పక్కకు వెళ్లు, ఏం కాదు. ఎంత విసుగొచ్చినా గట్టిగా ఊపొద్దు, మెదడులో రక్తస్రావం అవుతుంది.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, పచ్చటి వాంతి అయినా, దొడ్డికి పోయినప్పుడు రక్తం పడినా, పాలు తాగడం మానేసినా, మత్తుగా పడి ఉన్నా, గజ్జల్లో గడ్డలా ఉబ్బినా కోలిక్ అనుకుని ఆగకండి, అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి దవాఖానకు వెళ్లండి. ఇవేవీ లేకున్నా ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించు. ఏడ్చే వేళలు రాసుకుని, ఏడుస్తున్నప్పుడు ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్లు, పొద్దున ఓపీలో బాబు హాయిగా నిద్రపోతూ ఉంటాడు కదా.