గడ్డం కత్తి ఎంత వెడల్పు ఉండాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

మంగలి కత్తితో సొంతంగా గడ్డం గీసుకోవడం నేర్చుకుంటానన్నావు, సంతోషం. నువ్వు పంపిన ఫొటోలో 8/8 కత్తి దర్జాగానే ఉంది. కానీ మొదటి కత్తిగా అది వద్దు.

ఆ అంకెలు కత్తి వెడల్పువి. వీపు, అంటే పదునుకు ఎదురుగా ఉండే మందపాటి అంచు, అక్కణ్నుంచి పదును దాకా ఎంతుందో అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. 5/8 అంటే సుమారు 16 మిల్లీమీటర్లు, 6/8 అంటే 19, 8/8 అంటే నిండు అంగుళం. నీకు 5/8 గానీ 6/8 గానీ బాగుంటుంది. నీ గడ్డం బిరుసు కాబట్టి నేనైతే 6/8 వైపే మొగ్గుతాను.

పెద్ద కత్తికి బరువుంటుంది, నురుగు ఎక్కువ పడుతుంది, బిరుసు గడ్డాన్ని సులువుగా కోస్తుంది. బుగ్గల మీద దానికి తిరుగులేదు. చిక్కంతా ముక్కు కింద. కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టాలి కదా, అంగుళం వెడల్పున్న కత్తిని అలా పడితే పదును పై పెదవిని చేరకముందే వీపు ముక్కుకు తగులుతుంది. ముక్కు కొనను వేలితో పైకెత్తి ఎలాగో గీయొచ్చు, కానీ దానికి చెయ్యి తిరగాలి. 4/8 కత్తి అక్కడ హాయిగా తిరుగుతుంది. అయితే రెండు గీతలకే నురుగుతో నిండిపోతుంది, మాటిమాటికీ తుడవాలి. పైగా తేలిగ్గా ఉంటుంది కాబట్టి తెలియకుండానే చెయ్యి నొక్కుతుంది. నొక్కితే చర్మం కోసుకుపోతుంది.

వెడల్పొక్కటే చూసి కొనకు. పక్కలు బాగా లోతుగా చెక్కిన ఫుల్ హాలో కత్తి పలచగా ఉంటుంది, వెంట్రుక కోస్తుంటే సన్నగా మోగుతుంది కూడా. ఆ చప్పుడు వినడం నాకు ఇష్టం. కానీ బిరుసు గడ్డానికి కాస్త మందంగా ఉండే హాఫ్ హాలో నిలకడగా ఉంటుంది. మొన మాత్రం గుండ్రంగా ఉన్నదే తీసుకో, చెవి పక్కన టెన్షన్ ఉండదు.

పాత కత్తి దొరికితే అమ్మేవాడు చెప్పిన సైజును నమ్మకుండా స్కేలు పెట్టి కొలుచుకో. సాన పట్టేకొద్దీ కత్తి అరుగుతుంది, ఒకప్పటి 6/8 ఇప్పుడు 5/8కి దిగి ఉండొచ్చు. అదేమంత తప్పు కాదు. రాయి మీద వీపూ పదునూ రెండూ ఆనించి సాన పడతారు కాబట్టి వీపు కూడా కొంత అరుగుతుంది. వీపు పొడవునా వెడల్పాటి చదును పట్టీ కనిపించినా, మడమ దగ్గర, అంటే పిడి వైపు కొసన, ఒక వెడల్పు, మొన దగ్గర ఇంకో వెడల్పు ఉన్నా దాన్ని వదిలెయ్. అలాంటిదాన్ని దారికి తేవడం కొత్తవాళ్ల పని కాదు.

కొనేముందు రెండు పక్కలా, వీపు వైపూ దగ్గర్నుంచి ఫొటోలు తీసి పంపు, చూసి చెబుతాను.

నీ మావయ్య