ముందు బంపర్ కాదు, కిందకి వంగి చూడండి

ప్రశ్న: ఈ మధ్యే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాను. రాళ్ల దారుల్లో తిరగాలని ఆశ. స్టీల్ బంపర్ ముందు వేయించమని స్నేహితులు చెబుతున్నారు. బండి కింద భాగాలకి దెబ్బ తగలకుండా వేసే స్కిడ్ ప్లేట్ స్టీలుది మంచిదా, అల్యూమినియందా?

జవాబు: బంపర్ ఆగుతుందండీ, ముందు బండి కింద సంగతి చూడండి. ఒకసారి రాతి మెట్టు దిగుతుంటే కింద 'టక్' మని చిన్న చప్పుడైంది, అంతే. దిగి చూస్తే ఆయిల్ సంప్‌కి, అంటే ఇంజిన్ కింద నూనె నిలిచే తొట్టికి, బొటనవేలి గోరంత చీలిక, నల్లటి నూనె ధారగా కారుతోంది. వెంటనే ఇంజిన్ ఆపాను కాబట్టి బతికింది. ఆ రాయి బంపర్‌ని తాకనే లేదు. అప్పటినుంచి ఎవరడిగినా ఇంజిన్ సంప్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే పెట్టె), పెట్రోల్ ట్యాంకు, వీటికి ముందు రక్షణ అంటాను.

ఇక లోహం సంగతి. చదరపు మీటరు లెక్కన 4 మి.మీ. స్టీలు దాదాపు 31 కిలోలు తూగుతుంది. 6 మి.మీ. అల్యూమినియం 16 కిలోలే. కానీ అల్యూమినియం మెత్తన. రాతి అంచు దాన్ని గీరుకుంటూ పట్టేస్తుంది, బండి అక్కడే ఇరుక్కుంటుంది. స్టీలైతే జారిపోతుంది, సొట్టపడితే సుత్తితో సరిచేసుకోవచ్చు. ఎక్కువగా రాళ్లే అంటున్నారు కాబట్టి మీకు స్టీలే నా మాట. మట్టి రోడ్లు, దూర ప్రయాణాలు అయితే అల్యూమినియం చాలు.

ఏ లోహమైనా ప్లేట్‌ని ఛాసిస్‌కే బిగించాలి. సంప్‌కో గేర్‌బాక్స్‌కో తగిలిస్తే దెబ్బంతా వాటికే పోతుంది. బోల్టు తలలు ప్లేట్ గుంటల్లోకి దిగి ఉండాలి, లేకపోతే మొదటి రాయికే అరిగిపోయి రెంచికి దొరకవు. పాత నూనె వదిలే డ్రెయిన్ ప్లగ్ ఎదురుగా కంత ఉందో లేదో కొనేముందే చూడండి. లేకపోతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ ప్లేట్ మొత్తం విప్పాల్సిందే. బురద బయటికి పోయే దారీ ఉండాలి. ప్లేట్ మీద తడిమట్టి పేరుకుంటే బరువు, తుప్పు. ఎండుగడ్డి చేరి వేడి సైలెన్సర్ గొట్టానికి తగిలితే అంటుకోవచ్చు కూడా, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

రెండోది రాక్ స్లైడర్లు, అంటే తలుపుల కింద పక్కల బిగించే గట్టి కడ్డీలు. కాలు పెట్టి ఎక్కే మెట్లు వేరు, ఇవి వేరు. ఛాసిస్‌కి బిగించిన స్లైడర్ కింద జాకీ పెట్టి లేపితే చక్రం గాల్లోకి లేవాలి, స్లైడర్ వంగి తలుపు కిందికి తగలకూడదు. మామూలు మెట్టు రాయి మీద పడితే పైకి ముడుచుకుపోతుంది, తలుపు కూడా తెరుచుకోదు.

స్టీల్ బంపర్ ఆ తర్వాతే. మీ మోడల్‌కి, దాని ఎయిర్‌బ్యాగులకి సరిపడేలా తయారైందా అని అడగండి. ముందు బరువు పెరిగితే స్ప్రింగులు కుంగుతాయి, కింద మీరు కాపాడుకున్న ఎత్తు అక్కడ పోతుంది.

మొదటి ట్రిప్పు నుంచి రాగానే బోల్టులన్నీ మళ్లీ బిగించండి. అలాగే పడుకుని ప్లేట్ మీద గీతలు చూడండి. ఎక్కడ ఎక్కువుంటే అక్కడే మీ బండి నేలకి తగులుతోందన్నమాట.