కొడితే రాలేది నిజమేనా?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఉగ్రవాద కేసుల్లో పట్టుబడినవాళ్ల విచారణ గురించి తిరుపతి, చిత్తూరు పాఠకులు పంపిన ఉత్తరాల్లోంచి కొన్ని ఇవి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

అలిపిరి దగ్గర టీకొట్టులో రోజూ ఇదే వాదన సార్. ఉగ్రవాది దొరికాడు, ఎక్కడో బాంబు పెట్టాడు, గంటలో పేలుతుంది. చుట్టూ వేలమంది భక్తులు. వాడికి కాఫీ ఇచ్చి అడగాలా, నాలుగు తగిలించాలా? మానవ హక్కులవాళ్లు దీనికి సూటిగా చెప్పరు. మీరైనా చెప్పండి.
— ఒక పాఠకుడు, తిరుపతి

సూటిగానే చెబుతాం. ఆ గంటలో కొట్టడం పనికిరాదు. జాలిపడి చెప్పే మాట కాదిది, లెక్క చూసి చెప్పే మాట.

మీ కథ నడవాలంటే ఐదు సంగతులు ఒకేసారి నిజం కావాలి. దొరికినవాడు అసలు మనిషే అయ్యుండాలి. బాంబు నిజంగా ఉండాలి. ఎక్కడుందో వాడికి తెలియాలి. కొడితే నిజమే చెప్పాలి. చెప్పింది సరిచూసుకోవడానికి మనకు టైముండాలి. సినిమాలో అయితే ఈ ఐదింటినీ ప్రేక్షకుడికి ముందే చూపించేస్తారు. స్టేషన్లో కూర్చున్న సీఐకి వాటిలో ఒక్కటీ ఖాయంగా తెలియదు.

పైగా గడువు గంటేనని వాడికీ తెలుసు. గాలిగోపురం దగ్గరుందంటాడు. బాంబు స్క్వాడు, జాగిలం మెట్లెక్కుతాయి. అక్కడ లేదని తేలాక విష్ణునివాసం అంటాడు, ఆ తర్వాత బస్టాండు. దెబ్బకు నోరు తెరుచుకుంటుంది గానీ, ఒక చోటును వెతకడానికి పట్టే టైము దెబ్బవల్ల తగ్గదు. దొరికినవాడు ఏమీ తెలియని అమాయకుడైతే ఇంకా ప్రమాదం. దెబ్బలు ఆగాలంటే ఏదో ఒక చోటు పేరు చెప్పక తప్పదు కాబట్టి, అసలువాడికంటే వాడే ఎక్కువ పేర్లు చెబుతాడు.

ఇలాంటిది నిజంగా జరిగిన కేసు ఒకటుంది. 2002లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదకొండేళ్ల పిల్లాణ్ని డబ్బు కోసం ఎత్తుకెళ్లినవాడు దొరికాడు. పిల్లాడు బతికే ఉన్నాడనుకుని, భరించలేని నొప్పి పెడతామని పోలీసులు బెదిరించారు. కొట్టలేదు, బెదిరించారంతే. వాడు చోటు చెప్పాడు. పిల్లాడు అప్పటికే చనిపోయి ఉన్నాడు. బెదిరించిన అధికారి, ఆదేశమిచ్చిన అధికారి ఇద్దరూ దోషులేనని జర్మనీ కోర్టు అంది. ఆ బెదిరింపు కూడా అమానుషమేనని ఐరోపా మానవ హక్కుల కోర్టు 2010లో తేల్చింది. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 1999లో ఇంకో దారి పట్టింది. ఇలా హింసించడానికి ముందస్తు అనుమతి ఇచ్చే అధికారం ఎవరికీ లేదని చెబుతూనే, నిజంగా బాంబు పేలబోతుంటే వేరే దారి లేక చేశానని ఆ అధికారి తర్వాత తన కేసులో వాదించుకోవచ్చంది. తలుపు మూసి గడియ పెట్టకుండా వదిలేసిన తీర్పు అది అని మా అభిప్రాయం.

అమెరికావాళ్లు అలాగే చేసి బిన్ లాడెన్‌ను పట్టుకున్నారని మా క్లాసులో అంటున్నారు. అసలు అక్కడ జరిగిన గొడవేంటి?
— డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

2001 దాడుల తర్వాత అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తన ఖైదీలను వేరే దేశాల్లోని రహస్య స్థావరాల్లో పెట్టింది. 2002 ఆగస్టు 1న అమెరికా న్యాయశాఖ లాయర్లు ఒక మెమో రాసిచ్చారు. అవయవం పాడయ్యేంత, ప్రాణం పోయేంత నొప్పి ఉంటేనే చిత్రహింస అనాలి, అంతకు తక్కువైతే కాదు అన్నది దాని సారాంశం. గోడకేసి కొట్టడం, ఇరుకు పెట్టెలో కుక్కడం, నిద్ర పోనివ్వకపోవడం అన్నీ ఈ నిర్వచనం చాటున దాటిపోయాయి. కొందరిని 180 గంటలదాకా, అంటే ఏడున్నర రోజులు, నిద్ర లేకుండా ఉంచారు. వాటర్‌బోర్డింగ్ అంటే మనిషిని బల్లకు కట్టి, మొహం మీద గుడ్డ వేసి, నీళ్లు పోసి, మునిగిపోతున్నట్టు చేయడం. దాన్ని అబూ జుబైదా అనే ఖైదీ మీద కనీసం 83 సార్లు, ఖాలిద్ షేక్ మహమ్మద్ అనే ఖైదీ మీద 183 సార్లు ప్రయోగించారు. మొదటిసారికే నిజం వచ్చుంటే 183వ సారి ఎందుకు అవసరమైందో మీ క్లాసులో అడగండి.

ఈ పద్ధతులు ఎక్కడివో తెలిస్తే ఇంకా విడ్డూరంగా ఉంటుంది. కొరియా యుద్ధంలో చైనావాళ్లు అమెరికా సైనికుల చేత దొంగ ఒప్పుకోళ్లు చెప్పించడానికి వాడినవాటిని, అలాంటివి తట్టుకోవడం నేర్పడానికి అమెరికా సైన్యం తన శిక్షణలో పెట్టుకుంది. ఆ శిక్షణలో పనిచేసిన ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు, అంతకుముందు ఒక్క విచారణ కూడా చేయనివాళ్లు, వాటినే సీఐఏకి తెచ్చిచ్చారు. వాళ్ల కంపెనీకి 8 కోట్ల 10 లక్షల డాలర్లు ముట్టాయి. అబద్ధాలు చెప్పించడానికి తయారైన గానుగలో నిజం ఆడించబోయారన్నమాట.

ఫలితం కూడా అలాగే వచ్చింది. అల్ లీబీ అనే ఖైదీని ఈజిప్టుకు పంపితే, అల్ ఖైదాకు రసాయన ఆయుధాల శిక్షణ ఇచ్చింది ఇరాకేనని అక్కడ చెప్పాడు. 2003 ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్య సమితిలో ఆ మాటను సాక్ష్యంగా చూపారు. మరుసటి నెలలోనే యుద్ధం మొదలైంది. దెబ్బలకు తాళలేక అల్లి చెప్పానని 2004లో అతను మాట వెనక్కి తీసుకున్నాడు.

ఇక బిన్ లాడెన్ సంగతి. అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ 2014 డిసెంబరు 9న తన నివేదిక సారాంశాన్ని బయటపెట్టింది. 119 మందిని నిర్బంధించారని, వారిలో కనీసం 26 మందిని పట్టుకోవడమే తప్పని అందులో ఉంది. బిన్ లాడెన్ కబుర్లు మోసే కొరియర్ గురించిన కీలక సమాచారం హింసించకముందే, లేదా వేరే దారుల్లో వచ్చిందని కమిటీ తేల్చింది. సీఐఏ ఒప్పుకోలేదు. కమిటీలోని రిపబ్లికన్లు కూడా, సీఐఏ అధికారులను ఒక్కరినీ పిలిచి అడగకుండా కాగితాల మీదే తేల్చేశారని తప్పుపట్టారు. ఆ విమర్శలో పస ఉంది. కానీ ఆ కాగితాలు సీఐఏ సొంత కాగితాలే. విచారణల వీడియో టేపులు 92 ఉండేవి, వాటిని సీఐఏ 2005లో నాశనం చేసింది. పనిచేసిన పద్ధతికి సాక్ష్యాన్ని ఎవరైనా తగలబెట్టుకుంటారా?

ఇది పార్టీల గొడవ మాత్రమేననుకోకండి. హింసను నిషేధించే సవరణ తెచ్చిన జాన్ మెకెయిన్ రిపబ్లికనే. వియత్నాంలో ఐదేళ్లకు పైగా ఖైదీగా ఉండి దెబ్బలు తిన్నవాడు. ఆ సవరణ 2005లో సెనేట్‌లో 90–9 ఓట్లతో గెలిచింది. 2009లో ఒబామా ఉత్తర్వు, 2015లో 78–21 ఓట్లతో ఇంకో సవరణ వచ్చాక, సైన్యం విచారణ మాన్యువల్‌లో ఉన్న పద్ధతులు తప్ప వేరేవి వాడకూడదన్నది చట్టమైంది. అయినా 2016 ఎన్నికల్లో వాటర్‌బోర్డింగ్ మళ్లీ తెస్తామన్న మాట చప్పట్లు కొట్టించుకుంది.

పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదంటారు. చెల్లనప్పుడు థర్డ్ డిగ్రీ ఎందుకు? వాళ్లకేం లాభం?
— రిటైర్డ్ టీచరు, పలమనేరు

చెల్లదన్నది నిజమే. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. కానీ ఆ గోడకు ఒక కిటికీ ఉంది, అదే పాత 27వ సెక్షన్. కస్టడీలో ఉన్నవాడు చెప్పినదాన్నిబట్టి ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు నేరుగా సంబంధించిన మాటవరకు చెల్లుతుంది. మన గుంటూరు జిల్లా కేసే, పులుకూరి కోటయ్య కేసులో, అప్పటి మన పై కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1946లో ఈ హద్దు గీసింది. ‘ఈటెను గడ్డివాములో దాచాను’ అంటే అది పనికొస్తుంది. ‘దాంతో పొడిచాను’ అన్నది పనికిరాదు.

అందుకే దెబ్బలు ఒప్పుకోలు కోసం కాదు, రికవరీ కోసం, అంటే వస్తువు బయటపెట్టించడం కోసం. బలవంతంగా చెప్పించినది ఈ కిటికీలోంచి కూడా రాకూడదని 1961లోనే పదకొండుమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. అయితే బలవంతం జరిగిందని చూపాల్సిందెవరు? నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉన్నవాడు.

కేసు చెడేది కూడా ఇక్కడే. మధ్యవర్తుల నివేదికను స్టేషన్లోనే రాసేసి వీఆర్వోతో సంతకం పెట్టిస్తారు. అరెస్టు ఉదయం పదకొండింటికని, రికవరీ అదే రోజు పొద్దున తొమ్మిదింటికని రాసుకుంటారు. ముందే తెలిసిన చోటును నిందితుడు ‘చూపించాడు’ అంటారు. క్రాస్ ఎగ్జామినేషన్లో వీఆర్వో తడబడ్డాడంటే అసలు నేరస్తుడు కూడా దర్జాగా ఇంటికెళ్తాడు.

ఉగ్రవాద చట్టాలైతే ఈ గోడనే పడగొట్టి చూశాయి. టాడాలో, తర్వాత పోటాలో, ఎస్పీ స్థాయి అధికారి రాసుకున్న ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లేది. 2002 సెప్టెంబరులో గుజరాత్‌లోని అక్షరధామ్ గుడి మీద జరిగిన దాడి కేసు అలాంటి ఒప్పుకోళ్ల మీదే నిలబడింది. ముగ్గురికి ఉరి కూడా పడింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది. ఇప్పటి ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టంలో ఆ వెసులుబాటు లేదు.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు పట్టుకున్న యువకుల్లో చాలామంది చిత్రహింసలు పెట్టారన్నారు. తర్వాత ప్రభుత్వమే పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. ఈలోగా దర్యాప్తు మరో దిక్కుకు తిరిగింది, అక్కడ దొరికిన నిందితులను కూడా 2018 ఏప్రిల్‌లో కోర్టు నిర్దోషులంది. చనిపోయినవాళ్ల ఇళ్లకు ఎవరు చేశారన్న జవాబు అందలేదు.

నార్కో ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుంది కదా? దెబ్బలుండవు, నిజమూ వస్తుంది.
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

రాదు. మత్తులో ఉన్నవాడు అడిగినవాడి సూచనకు తల ఊపుతాడు, కలను జ్ఞాపకంగా చెబుతాడు. సమ్మతి లేకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ ఏదీ చేయకూడదని సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో చెప్పేసింది.

2016 ఏప్రిల్ 7న మా కోర్టు ఆవరణలోనే బాంబు పేలింది. అలాంటివాళ్లను మర్యాదగా అడిగితే చెబుతారా?
— ఒక జూనియర్ లాయరు, చిత్తూరు

మర్యాద ఒక్కటే చాలదు, తయారీ కావాలి. మీ కోర్టు పేలుడునే తీసుకోండి. అదే ఏడాది కొల్లం, మైసూరు, నెల్లూరు, మలప్పురంలోనూ కోర్టుల, కలెక్టరేట్ల ఆవరణల్లో పేలుళ్లు జరిగాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఒక ముఠా పని అని తేలుతుంది. నవంబరులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) తమిళనాడులో అరెస్టులు చేసింది. మైసూరు కేసులో 2021లో ముగ్గురికి శిక్ష పడింది.

గదిలోకి వెళ్లేముందే అధికారి మూడు వరుసలు రాసుకోవాలి: రుజువైనవి, అనుమానమున్నవి, అసలు తెలియనివి. మొదటి గంటలో ‘ఆ వారమంతా ఏం చేశావో చెప్పు’ అని అడిగి అడ్డు రాకూడదు. ఫోన్ రికార్డు, సీసీ ఫుటేజీ, కొన్న సామాను బిల్లు లాంటి ముక్కలన్నీ ఒకేసారి బల్ల మీద పరచకూడదు. వాడు తన కథకు కట్టుబడ్డాక ఒక్కొక్కటే వేయాలి. రెండో ప్రపంచ యుద్ధంలో హాన్స్ షార్ఫ్ అనే జర్మన్ అధికారి ఒక్క దెబ్బ వేయకుండా అమెరికా పైలట్ల దగ్గర సమాచారం రాబట్టాడు. అన్నీ ముందే తెలిసినట్టు కబుర్లు చెబుతూ తిరిగేవాడు, పైలట్లు అతని తప్పులు సరిదిద్దబోయి అసలు సంగతి చెప్పేసేవాళ్లు.

బ్రిటన్ 1990ల మొదట్లో ఈ దారికొచ్చింది. ఐఆర్ఏ అనే ఐర్లండ్ సాయుధ సంస్థ బాంబు కేసుల్లో దొంగ ఒప్పుకోళ్లతో జైల్లో పెట్టిన బర్మింగ్‌హామ్ ఆరుగురు పదహారేళ్ల తర్వాత, 1991లో, నిర్దోషులుగా బయటికొచ్చాక దానికి తల కొట్టేసినట్టయింది.

ఎక్కువగా జరిగే తప్పు ఒకటి చెబుతాం. నేరస్తుడికి మాత్రమే తెలిసిన వివరాన్ని అధికారే ప్రశ్నలో జారవిడుస్తాడు: ‘టిఫిన్ బాక్సు జీపు కింద పెట్టావు కదా?’ ఇక వాడు అదే వివరం తిరిగి చెప్పినా దానికి విలువ లేదు. మన సరిహద్దు జిల్లాలో ఇంకొకటుంది: నిందితుడు తమిళం మాట్లాడతాడు, కానిస్టేబులు తెలుగులోకి చెబుతాడు, రైటరు తనకు తోచింది రాస్తాడు. మొదటినుంచి చివరిదాకా ఆడియో, వీడియో ఉంటే తప్ప ఈ మూడు చేతుల్లో ఏది ఎక్కడ మారిందో తేలదు.

ఇంట్లోవాళ్లను తీసుకెళ్తే ఏం చేయాలి?
— ఒక గృహిణి, పుత్తూరు

ముందు టైము రాసిపెట్టుకోండమ్మా. ఎప్పుడు, ఏ బండిలో, ఎవరు తీసుకెళ్లారో రాసి, అప్పుడే ఎస్పీకి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మెసేజో మెయిలో పంపండి. ఉచిత న్యాయ సహాయం నంబరు 15100. దెబ్బలు ఎక్కువగా పడేది తీసుకెళ్లిన గంటకూ, అరెస్టు రాసుకున్న గంటకూ మధ్యనే. ఆ ఖాళీని మీ మెసేజు టైము పట్టిస్తుంది.

24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు మనిషినే హాజరుపరచాలి, మొదటిసారి వీడియోలో కుదరదు. ఉపా కేసైనా అరెస్టు కారణాలు కాగితం మీద ఇవ్వాలని 2024 మే 15న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చట్టం కింద పోలీసు కస్టడీ 30 రోజులదాకా, చార్జిషీటు గడువు 180 రోజులదాకా సాగవచ్చు, కాబట్టి మొదటి రోజే లాయరుండాలి. కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకు వైద్య పరీక్ష చేయించాలని 1996 డీకే బసు తీర్పు. రుయా ఆసుపత్రిలోనో మరోచోటో, డాక్టరు పక్కన పోలీసు నిలబడితే బయటికి పంపమని అడగవచ్చు. అరికాళ్ల మీద దెబ్బలు పైకి కనబడవు, ‘నొప్పి ఎక్కడ’ అన్నది మాటల్లో రాయించాలి. నివేదిక కాపీ ఇవ్వాల్సిందే. స్టేషన్ సీసీ కెమెరాల రికార్డు కనీసం ఏడాది ఉంచాలని 2020 తీర్పు ఉంది, చెరిగిపోకముందే కోర్టులో పిటిషన్ వేయండి.

హింసకు వ్యతిరేకంగా మనకు ప్రత్యేక చట్టం లేదా?
— ఒక పాఠకుడు, నగరి

లేదు. ఐరాస ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టాం, ఆమోదించలేదు. 2010లో లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేస్తే, రాజ్యసభ సెలక్ట్ కమిటీకి పంపింది, అది అక్కడితో ఆగి మురిగిపోయింది. ఒప్పుకోలు కోసం గాయపరిస్తే ఏడేళ్లు, తీవ్ర గాయమైతే పదేళ్లు శిక్ష వేసే సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో ఉంది, 120వది. చాలాసార్లు కేసు ఆగేది సాక్ష్యం దగ్గర. కస్టడీలో గాయమైతే అది పోలీసే చేశాడని కోర్టు అనుకోవచ్చునని, కాదని వాళ్లే చూపుకోవాలని లా కమిషన్ 1985లో సిఫార్సు చేసింది, 2017లో మళ్లీ చేసింది. 2023లో సాక్ష్య చట్టాన్ని పేరుతో సహా మార్చి రాసినప్పుడు కూడా ఆ సెక్షన్ చేర్చలేదు.