కర్కుమిన్‌ను జెయిన్‌లో ఒదిగించబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

మొక్కల యాంటీఆక్సిడెంట్లు ఒంటికి పట్టేలా చేసే పనిలో దిగుతున్నావు. వాటిని సన్న కణాల్లో పొదగడానికి ఏ పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) వాడాలో తేల్చుకునే ముందు, నీ పదార్థం ఎక్కడ ఆగిపోతోందో కాగితం మీద రాసుకో. నీళ్లలో కరగడం లేదా? పేగుకు చేరకముందే చెడిపోతోందా? పేగు గోడ దాటలేకపోతోందా? దాటాక కాలేయంలో రూపం మారిపోతోందా? గ్రీన్ టీలోని యాంటీఆక్సిడెంట్లు కాటెచిన్లు నీళ్లలో బాగానే కరుగుతాయి. పేగులోని తటస్థ పిహెచ్ దగ్గర ఆక్సీకరణ చెందడం, గోడ దాటలేకపోవడం వాటి ఇబ్బంది. అక్కడ రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్ పనికొస్తుంది. దాని ధనావేశం పేగు జిగురుపొరను పట్టుకుంటుంది. అయితే దాని పికెఎ (ఆ ధనావేశం సగం పోయే పిహెచ్) సుమారు 6.5, కాబట్టి పిహెచ్ అది దాటేకొద్దీ ఆ పట్టు సడలుతుంది.

పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ కథ వేరు. నీళ్లలో దాదాపు కరగదు. కరిగిన కాస్తా 37 డిగ్రీల దగ్గర, పిహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లో (పిహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో) అరగంటలోనే 90 శాతం దాకా విరిగిపోతుంది. నీళ్లంటే గిట్టని గూడు కావాలి దానికి. అందుకే మొక్కజొన్న ప్రోటీన్ జెయిన్‌తో మొదలుపెట్టమంటున్నాను.

ముందురోజు రాత్రే కణాలు అతుక్కోకుండా చూసే పాల ప్రోటీన్, సోడియం కేసినేట్‌ను 250 మిల్లీగ్రాములు 30 మిల్లీలీటర్ల నీళ్లలో నానబెట్టి, పొద్దున పిహెచ్ 7కి సరిచెయ్యి. వేరే బీకర్‌లో 250 మిల్లీగ్రాముల జెయిన్‌ను 10 మిల్లీలీటర్ల 80 శాతం ఇథనాల్‌లో గంటసేపు కలిపి కరిగించు. నికార్సైన ఇథనాల్‌లో జెయిన్ కరగదు, ఉత్త నీళ్లలోనూ కరగదు, రెండూ కలిసి ఉండాల్సిందే. అందులో 12.5 మిల్లీగ్రాముల కర్కుమిన్ వేసి, వెలుతురు తగలకుండా బీకర్‌కు అల్యూమినియం రేకు చుట్టు.

ఇక అసలు ఘట్టం. కేసినేట్ నీళ్లను స్టిర్రర్ మీద సుడి పడేంత వేగంగా తిప్పుతూ, జెయిన్ ద్రావణాన్ని సన్నసూది సిరంజితో ఆ సుడి పక్కనే ధారగా వదులు. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోవాలి. ద్రావణాన్ని నీళ్లలోకే వదలాలి, నీళ్లను ద్రావణంలో పొయ్యకూడదు. అలా పోస్తే ఇథనాల్ పాలు మెల్లగా తగ్గి, జెయిన్ బంకలా సాగి కడ్డీకి చుట్టుకుంటుంది. చక్కగా కుదిరితే పసుప్పచ్చ పాలలా ఉంటుంది, గాజుకు ఏమీ అంటదు. తీగలు కనిపించాయంటే సుడి చాలలేదని అర్థం. 40 డిగ్రీల దగ్గర రోటరీ ఇవాపరేటర్‌లో (ఒత్తిడి తగ్గించి ఆవిరి చేసే పరికరంలో) ఇథనాల్ తీసేసి, నీళ్లు కలిపి మళ్లీ 30 మిల్లీలీటర్లు చెయ్యి.

కేసినేట్ లేకుండా చేస్తే నీళ్లను పిహెచ్ 4 దగ్గర ఉంచాలి. జెయిన్ విద్యుదావేశం పిహెచ్ 6 చిల్లర దగ్గర సున్నా అవుతుంది కాబట్టి అక్కడ కణాలు గడ్డకడతాయి. కేసినేట్‌కు ఆ సున్నా 4.6 దగ్గర వస్తుంది. రెండు పద్ధతులనూ కలగలిపి, కేసినేట్ వేసి పిహెచ్ 4 నీళ్లు వాడితే మొత్తం విరిగిపోతుంది. కింద చెప్పే పొట్ట దశ పరీక్షలో పిహెచ్ దించేటప్పుడు కనిపించే గడ్డలకూ ఇదే కారణం.

కొలతల్లో నమ్మకంగా మోసపోయే చోటు ఒకటుంది. గూడులో చేరని కర్కుమిన్ నీళ్లలో కరిగి ఉండదు, స్ఫటికంగా అడుక్కు దిగుతుంది. గట్టిగా సెంట్రిఫ్యూజ్ చేసి (గిర్రున తిప్పి అడుక్కు దించి), పైన తేలిన నీళ్లలో కర్కుమిన్ లేదు కనుక 98 శాతం చేరిందని రాసేవాళ్లు ఉన్నారు. ఆ స్ఫటికాలూ అడుగునే ఉన్నాయి కదా! నువ్వు 1000 జి (గురుత్వానికి వెయ్యి రెట్ల బలం) దగ్గర పది నిమిషాలు తిప్పు. స్ఫటికాలు, గడ్డలు దిగిపోతాయి, చిన్న కణాలు పైనే ఉంటాయి. పైభాగంలో 0.1 మిల్లీలీటరు తీసి, 80 శాతం ఇథనాల్‌తో పలచన చేసి, తెల్లగా విరిగే కేసినేట్‌ను వేరుచేసి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 425 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చదువు. ఆ తెల్లముద్దను ఇంకోసారి ఇథనాల్‌తో కడిగి అదీ కలుపుకో.

కణాల నుంచి కర్కుమిన్ ఎంత బయటికొస్తుందో చూసే విడుదల పరీక్షలో, డయాలిసిస్ సంచి (చిన్న అణువులను మాత్రమే వదిలే పొర) బయట ఉత్త బఫర్ పోస్తే కర్కుమిన్ బయటికి రాదు. వచ్చినా కరగదు, కరిగినా విరుగుతుంది. దాన్ని ‘నిదానమైన విడుదల’ అనకు, అది కరగకపోవడమే. బఫర్‌లో ట్వీన్ 80 లాంటి సబ్బుగుణపు పదార్థం ఉండాలి. జీర్ణక్రియ నమూనాకు పొట్ట దశ పిహెచ్ 3 దగ్గర రెండు గంటలు, పేగు దశ పిహెచ్ 7 దగ్గర పైత్యరస లవణాలతో రెండు గంటలు పెట్టు. అందులో వచ్చే అంకె మైసెల్లలోకి (పైత్యరస లవణాలు కట్టే అతిచిన్న గుంపుల్లోకి) చేరిన కర్కుమిన్‌ది మాత్రమే, రక్తంలోకి చేరిందని కాదు. రక్తం దాకా వెళ్లిన రోజున, నమూనాకు బీటా గ్లూకురోనిడేజ్ (గ్లూకురోనైడ్‌ను తిరిగి కర్కుమిన్‌గా విడగొట్టే ఎంజైమ్) కలిపి కొలిచిన అంకెను స్వేచ్ఛగా ఉన్న కర్కుమిన్‌గా చూపించకు. రక్తంలో తిరిగేది ఎక్కువగా ఒంట్లో మారిన గ్లూకురోనైడ్, సల్ఫేట్ రూపాలే.

ఇంకొకటి, తప్పక పాటించు. శోషణ పెంచిన కర్కుమిన్ మందులతో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. ల్యాబ్‌లో చేసినది ఎవరూ రుచి కూడా చూడకూడదు.

పోలికకు ఉత్త కర్కుమిన్ పొడి ఒక్కటే చాలదు. జెయిన్ లేకుండా కేసినేట్, కర్కుమిన్ మాత్రమే ఉన్నది, కర్కుమిన్ లేని కణాలు కూడా అదే రోజు చెయ్యి. నాలుగింటి రీడింగులూ కలిపి నాకు పంపు.