చేపపిల్ల కంట్లో తెల్లటి చుక్క

ప్రశ్న: ఇంట్లో జీబ్రా చేపలు పెంచుతున్నాను. రెండేళ్ల కిందట తెచ్చిన ఒకే జత సంతానం ఇవన్నీ. ఈసారి ఒక జతకు పుట్టిన 42 పిల్లల్లో 11 పిల్లలకు కంటి మధ్య తెల్లటి చుక్క ఉంది. మా అక్కది మేనరికం, ఇప్పుడు ఆరో నెల. ట్యాంక్ తీసేయమని వాళ్ల అత్తగారు పట్టుబడుతున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ట్యాంక్ తీయకండమ్మా. చేప కంట్లో తెలుపు మనుషులకు అంటుకోదు.

ఆ తెల్లటిది మసకబారిన కంటి లెన్స్ అయి ఉండాలి. నేను ల్యాబ్‌లో ఈ చేపలతోనే పని చేశాను. పొద్దున లైట్ వేయగానే గుడ్లు పెడతాయి. మర్నాడు అదే వేళకు మైక్రోస్కోప్ కింద పెడితే పారదర్శకమైన పిండంలో లెన్స్ గుండ్రంగా, ఆవగింజ కంటే ఎంతో చిన్నగా కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరించేది. ఆ లెన్స్ కణాలు నారల్లా సాగి, లోపలి కేంద్రకాన్ని వదిలేస్తేనే వెలుతురు సాఫీగా వెళ్తుంది. ఫాక్స్‌ఈ3, పిట్‌ఎక్స్3 లాంటి జన్యువులు దెబ్బతింటే ఈ పని సరిగ్గా సాగదు. ఇవే జన్యువుల్లో లోపాలు మనుషుల్లోనూ పుట్టుకతో కంటి జబ్బులు తెస్తాయి. పిట్‌ఎక్స్3 లోపంతో పుట్టుకతోనే శుక్లాలు వస్తాయి.

42లో 11 అంటే దాదాపు నాలుగో వంతు. అన్నాచెల్లెళ్లు జత కట్టినట్టున్నాయి. చూడ్డానికి బాగున్నా రెండింట్లోనూ ఒకే జన్యువుకు లోపమున్న కాపీ ఒక్కోటి దాగి ఉంటే, నాలుగో వంతు పిల్లలకు రెండూ చేరతాయి. ఒక్కసారి లెక్కతో తేల్చలేం. అదే జతను విడిగా పెట్టి మళ్లీ గుడ్లు పెట్టించండి. తర్వాత వాటిలో ఒకదాన్ని వేరే షాపు నుంచి తెచ్చిన చేపతో జత చేయండి. అప్పుడు పిల్లలన్నింటి కళ్లూ తేటగా ఉంటే నా అనుమానం బలపడుతుంది.

అక్క విషయం వేరు. మేనరికంలో దాగిన లోపాలు బయటపడే అవకాశం కొంచెం ఎక్కువే, కానీ రావాలనేం లేదు. బిడ్డ పుట్టగానే డాక్టర్‌తో రెండు కళ్లలో లైట్ వేయించి, ఎర్రటి మెరుపు సమానంగా వస్తుందో చూడమనండి. నల్లపాపలో తెలుపు కనిపిస్తే ఆ వారమే మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికో, మీకు నమ్మకమున్న పిల్లల కంటి డాక్టర్ దగ్గరికో తీసుకెళ్లండి. చూపు నేర్చుకునే మెదడుకు మొదటి వారాలే ముఖ్యం. దట్టమైన శుక్లానికి ఆపరేషన్ ఆలస్యం కాకూడదు.

కొత్త జత గుడ్ల నుంచి పిల్లలొచ్చాక లెక్క నాకు రాయండి.