ఫ్లై రాడ్ కొనేముందు, కొన్నాక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మే నెలలో హిమాచల్‌లోని తీర్థన్ నదికి ట్రౌట్ చేపల కోసం వెళ్తున్నాం. మామూలు గాలమే తప్ప ఫ్లై రాడ్ ఎప్పుడూ పట్టలేదు. దుకాణంలో చూస్తే '9 అడుగులు, 5 వెయిట్' లాంటి అంకెలున్నాయి. ఆ 5 రాడ్ బరువా? (హైదరాబాద్)

జవాబు: కాదండీ, దానికి వేయాల్సిన లైన్ నంబరు. మామూలు గాలంలో ఎరకో, గుండుకో బరువుంటుంది. విసిరితే అదే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు, దానికి బరువు దాదాపు ఉండదు. అందుకే బరువంతా లైన్‌లో పెడతారు. పూత పూసిన ఆ లావుపాటి లైన్ గాల్లో సాగుతూ ఫ్లైని మోసుకెళ్తుంది.

లైన్ మొదటి 30 అడుగుల తూకాన్ని బట్టి నంబరు ఇస్తారు. 5కి 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. 6కి 160, 8కి 210. రాడ్‌ను ఆ తూకానికి సరిగ్గా వంగేలా చేస్తారు. 5 రాడ్‌కి 3 లైన్ వేస్తే రాడ్ వంగదు, లైన్ ముందుకు పోదు. 8 వేస్తే కొస వాలిపోయి లైన్ మీ ముందే కుప్పగా పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పెట్టె మీద 5 అని వేసి, లోపల అర నంబరో ఒక నంబరో ఎక్కువ తూగే లైన్ అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది. పెట్టె వెనక గ్రెయిన్ల లెక్క చదవండి. 155 దాటితే అది 6 కిందే లెక్క.

తీర్థన్‌కి 9 అడుగుల 5 వెయిట్ చాలు. 4 కూడా పనిచేస్తుంది గానీ, మంచు కరిగి నీరు పెరిగిన రోజున బరువు పూసలున్న నింఫ్‌లు (నీటి అడుగున మునిగే ఫ్లైలు) వేయాల్సి వస్తే 4 ఇబ్బంది పడుతుంది. నాలుగు ముక్కల రాడ్ తీసుకోండి. ఒక్కో ముక్క 28 అంగుళాల దగ్గర ఉంటుంది కాబట్టి గొట్టంతో సహా ప్రయాణంలో సులువు. రెండు ముక్కలదైతే గొట్టం నాలుగున్నర అడుగులు దాటుతుంది. తేలే రకం 'వెయిట్ ఫార్వర్డ్' (ముందు భాగం బరువుగా ఉండే) లైన్, దాని కొసకి 9 అడుగుల 5ఎక్స్ లీడర్ (ఫ్లైని కట్టే సన్నటి దారం, 5ఎక్స్ దాని మందం నంబరు) వేయండి. డబ్బంతా రాడ్ మీదే పోయకండి. చవక రాడ్‌కి మంచి లైన్ వేస్తే పనవుతుంది, ఖరీదైన రాడ్‌కి పాడు లైన్ వేస్తే అవదు. ట్రౌట్‌కి రీలు లైన్ చుట్టుకునే డబ్బా లాంటిదే, అక్కడ పొదుపు చేయవచ్చు. మాశీర్ (నదుల్లో ఉండే పెద్ద, బలమైన చేప) మీద కూడా మనసుంటే ఈ రాడ్ సరిపోదు, దానికి 8 వెయిట్ వేరే కావాలి. మత్స్యశాఖ లైసెన్సు మాత్రం మర్చిపోవద్దు.

ప్రశ్న: గ్వాడలూప్ నదిలో వేటకి రాడ్ చూస్తున్నాను. అందరూ 'ఫాస్ట్ యాక్షన్' కొనమంటున్నారు. నేను కొత్తవాణ్ణి. (ఆస్టిన్, టెక్సస్)

జవాబు: ఫాస్ట్ అంటే కొస దగ్గరే వంగేది, స్లో అంటే పిడి దాకా వంగేది. ఫాస్ట్ రాడ్ దూరానికీ గాలికీ మంచిదే. కానీ లైన్ వెనక్కి పూర్తిగా చాచుకున్న క్షణం తప్పితే అది క్షమించదు. మీరు వేసేది చాలాసార్లు 20 నుంచి 40 అడుగులే. అంత దగ్గర్లో మీడియం ఫాస్ట్ (ఈ రెండింటికీ మధ్యరకం) రాడ్‌తో లైన్ బరువు చేతికి తెలుస్తుంది, అదే నేర్పుతుంది. దుకాణంలో ఉత్త రాడ్ ఊపి చూస్తే ఏమీ తెలియదు. లైన్ వేయించి, బయట 30 అడుగులు విసిరి చూడండి. చలికాలం ట్రౌట్‌కి 5 వెయిట్ సరిపోతుంది. బాస్ చేపల కోసం గాలికి అడ్డుపడే పెద్ద పాపర్లు (నీటి మీద తేలుతూ చప్పుడు చేసే ఫ్లైలు) వేస్తే 6 గానీ 7 గానీ తీసుకోండి.

ప్రశ్న: మూడోసారి వేటలోనే రాడ్ రెండో ముక్క అతుకు దగ్గర విరిగింది. చేప కూడా లేదు. తయారీ లోపమా? (బెంగళూరు)

జవాబు: కావచ్చు, కానీ ముందు అనుమానించాల్సింది వదులైన అతుకునే. విసిరినప్పుడల్లా కొంచెం కొంచెం జారుతుంది. ఆ సగం పట్టు మీద బలమంతా పడి అంచు చీలుతుంది. బిగించేటప్పుడు గైడ్లు (లైన్ దూరే రింగులు) పావు చుట్టు పక్కకి ఉండేలా దూర్చి, నెడుతూ తిప్పి, వరసలోకి తేవాలి. అరగంటకోసారి ప్రతి అతుకూ తడిమి చూడండి. లోపలికి దూరే కొసకి అప్పుడప్పుడు మామూలు కొవ్వొత్తి పలచగా రుద్దితే పట్టు నిలుస్తుంది. ముందు పాత మైనం, ఇసుక తుడిచేయాలి.

ఇరుక్కుపోతే పటకారు వద్దు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒక్కొక్కరూ అతుక్కి రెండు పక్కలా ఒక్కో చేయి వేసి, మెలి తిప్పకుండా నేరుగా లాగండి. గైడ్లు పట్టుకుని లాగారంటే అవి ఊడొస్తాయి.

ఇంకో దోషి బరువు ఫ్లై. అది వెనక నుంచి వచ్చి రాడ్‌కి తగిలితే కార్బన్ మీద కంటికి కనబడని గాటు పడుతుంది. విరగడం మాత్రం వారం తర్వాత. చేప కాళ్ల దగ్గరికి వచ్చాక రాడ్‌ను నిటారుగా, ఇంకా వెనక్కి ఎత్తితే కొస ముక్క పోతుంది. చేతిని వెనక్కి చాచి, రాడ్‌ను వాలుగానే ఉంచి వల వేయాలి. ఇక కారు తలుపు, సీలింగ్ ఫ్యాన్ సంగతి చెప్పక్కర్లేదు. తడి గుడ్డ సంచీలో చుట్టి గొట్టంలో మూసేస్తే వార్నిష్ పొక్కుతుంది, పిడి కార్క్‌కి బూజు పడుతుంది. రాత్రంతా ఆరబెట్టాకే మూయండి.

ప్రశ్న: మా ఊరి చెరువులో కొరమీనుని ఫ్లైతో పట్టొచ్చా? (జనగామ)

జవాబు: పట్టొచ్చు. 8 వెయిట్ రాడ్, 20 పౌండ్ల లీడర్, తామరాకుల్లో చిక్కుకోకుండా ముల్లుకి అడ్డుతీగ ఉన్న కప్ప ఆకారపు పాపర్ కావాలి. నీళ్ల మీద టప్‌మని కొట్టి, ఆపి, మళ్లీ కదపండి. కట్ట మీద నిలబడితే వెనక తుమ్మచెట్లకి లైన్ తగులుకుంటుంది, ఖాళీ జాగా ముందే చూసుకోండి. చెరువు హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘానిది, వాళ్లని అడిగే దిగాలి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు పైకి తేలుతూ కనిపిస్తే కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. దేన్ని చూసినా ఎగబడతాయి గనక సులువుగా దొరుకుతాయి, కానీ అక్కడ పాపర్ వేయకండి. అవి పోతే పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి.