బిల్లీ మర్రే ఎడిసన్ డిస్కులో గొంతు వినబడకపోవడానికి కారణం

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల అమెరికన్ గాయకుడు బిల్లీ మర్రే పాడిన ఎడిసన్ డైమండ్ డిస్కును (ఎడిసన్ కంపెనీ పాత గ్రామఫోన్ రికార్డును) కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే గరగర తప్ప పాట వినబడకపోవడానికి కారణం, బహుశా, మీరు నేరుగా మోనోలో (ఒకే ఛానల్‌లో) రికార్డు చేయడమే. విక్టర్ అనే మరో కంపెనీ రికార్డుల్లో గాడి పక్కలకు ఊగుతుంది. ఎడిసన్ డిస్కుల్లో పైకీ కిందికీ కదులుతుంది కనుక, స్టీరియో పికప్‌లోని (సూది కదలికను ధ్వని సంకేతంగా మార్చే భాగంలోని) రెండు ఛానళ్లలో ఒకే ధ్వని తలకిందులుగా వచ్చి, కలపగానే ఒకదానినొకటి చెరిపేసుకుంటుంది.

1. స్టీరియోలోనే, నిమిషానికి 80 చుట్ల వేగంతో రికార్డు చేయండి. 78తో తిప్పితే శ్రుతి కొంచెం దిగి, మర్రే చురుకైన గొంతు బరువెక్కుతుంది.

2. చాలామంది తప్పేది ఇక్కడే. ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్టీరియో ట్రాక్‌ను రెండుగా విడదీసి, పై ట్రాక్‌ను మాత్రమే ఎంచుకుని ‘ఇన్వర్ట్’ (తలకిందులు) చేయండి. రెండింటినీ ఎంచుకుంటే రెండూ తిరగబడతాయి, ఫలితం మారదు.

3. ఆ తరువాతే మోనోగా కలపండి. గొంతు ముందుకు వస్తుంది, గరగర చాలావరకు తగ్గుతుంది.

మర్రే డిస్కు లేబుల్‌పై ప్రీమియర్ క్వార్టెట్ (క్వార్టెట్ అంటే నలుగురు గాయకుల బృందం) అని ఉంటే అది పొరపాటు కాదు. విక్టర్‌కు అమెరికన్ క్వార్టెట్‌గా పాడిన మర్రే బృందమే ఎడిసన్‌కు ఆ పేరుతో పాడింది.